ఎదుటివాళ్ల మాస్కుకు మినహాయింపు

కరోనా రాకముందు రేగొండ చుట్టుపక్కల నాకొక మంచి పేరుండేది. నేను చాలా ఓపికగా వింటానని. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే పంతుల్ని. పాఠం బాగా చెబుతానని ఎవరైనా అన్నట్టు గుర్తులేదు గానీ, "సారుకు ఒక్క మాట చెప్పుకుంటే మనసు తేలికైతది" అని మాత్రం చాలామంది అనేవాళ్లు. గట్టు తగాదాలు, అల్లుడి మీద అలకలు, పిల్లల చదువులు, ఏదైనా సరే వచ్చి నా ఎదురుగా కూచుని చెప్పుకునేవాళ్లు. నేను రెప్ప వాల్చకుండా వాళ్ల ముఖంలోకి చూసేవాణ్ని. మధ్యమధ్య తల ఊపేవాణ్ని. చివర్లో "చూద్దాం, అంతా మంచిగనే అయితది" అనేవాణ్ని.

నిజానికి నాకు సగమే వినపడేది.

చిన్నప్పుడు చీము కారీ కారీ ఎడమ చెవి పోయింది. నలభై దాటాక కుడి చెవి కూడా మెల్లగా దాని దారే పట్టింది. నేను రెప్ప వాల్చకపోవడానికి కారణం ఓపిక కాదు. ఎదుటివాళ్ల పెదవుల మీంచి చూపు తప్పితే మాట తప్పిపోతుందని భయం. వినపడిన సగానికి చూసిన సగాన్ని అతికించుకుని బతుకుతున్నానన్నమాట. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కళ్లద్దాలు పెట్టుకున్నవాడు చదువుకున్నవాడిలా కనిపిస్తాడు, చెవిలో మిషన్ పెట్టుకున్నవాడు ముసలివాడిలా కనిపిస్తాడు అనేది నా సిద్ధాంతం. జుట్టుకు నెలనెలా రంగు వేసుకునే మనిషికి ఇంతకన్నా లోతైన సిద్ధాంతాలు తట్టవు.

నా భార్యకు నా ఎడమ చెవి సంగతి తెలుసు. కుడి చెవి సంగతి తెలియదు. పిలిస్తే పలకకపోయినప్పుడల్లా, వినడం ఇష్టంలేక పలకడంలేదని ఆమె అనుకునేది. నేను ఆ అభిప్రాయాన్ని సరిదిద్దలేదు. చెవిటి మొగుడి కన్నా పట్టించుకోని మొగుడికే ఊళ్లో గౌరవం ఎక్కువని నా నమ్మకం.

అంతలో అందరి మూతుల మీదికీ మాస్కులు వచ్చాయి.

మొదటి రోజుల్లో బట్ట అడ్డం వచ్చి లోకం గొంతు అణిగిపోయిందనే అనుకున్నాను. కిరాణా దుకాణం ఆయన ఏదో అంటాడు, నేను "ఆ" అంటాను, ఆయన కందిపప్పుకు బదులు శనగపప్పు కడతాడు. ఇంటికొచ్చి ఆయన మీదే విసుక్కునేవాణ్ని. ఒకరోజు నా భార్యను అడిగాను.

"మాస్కులు పెట్టుకున్నంక ఎవ్వరి మాట సమజైతలేదు కదా?"

"నాకు మంచిగనే ఇనవడుతుంది" అంది. ఇంట్లో ఆమెకు మాస్కు లేదు కాబట్టి ఆ జవాబు నాకు పూర్తిగా అందింది. అప్పుడు అర్థమైంది, నేను ఇన్నేళ్లూ చెవులతో కాదు, కళ్లతో వింటున్నానని. లోకానికి మాస్కు పెడితే నా చెవులకు గంతలు కట్టినట్టయింది.

ఆ ఎండాకాలం బళ్లు మూసేసి మాకు తలా ఒక డ్యూటీ వేశారు. కొందరికి వడ్ల కొనుగోలు కేంద్రాలు పడ్డాయి, కొందరికి ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడగడం పడింది. నాకు రోడ్డు పడింది. భూపాలపల్లి పోయే దారిలో ఒక టెంటు, రోడ్డుకు అడ్డంగా ఒక తాడు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల క్యాన్. తోడుగా ఒక కుర్ర కానిస్టేబుల్. మాస్కు లేకుండా వచ్చేవాళ్లను ఆపాలి, ఎందుకు లేదో అడగాలి, మందలించాలి, టెంటులో ఉన్న బట్టమాస్కు ఒకటి ఇచ్చి పంపాలి. ఊపిరి జబ్బున్నవాళ్లకు, డాక్టరు చీటీ చూపించినవాళ్లకు, చంటిపిల్లలకు మినహాయింపు ఉంది, వాళ్లను సతాయించవద్దని మాకు ముందే చెప్పారు.

మొదటి రోజు నేను తెలుగు పంతులు హోదాలో తాడు దగ్గర నిలబడి, "వైద్య కారణాలుంటేనే మినహాయింపు" అని ప్రకటించాను. ట్రాక్టరు మీద ఉన్నవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

"సార్, మాఫీ అనుండ్రి. సమజైతది" అన్నాడు కానిస్టేబుల్, నా చెవి దగ్గరికొచ్చి. అదృష్టం కొద్దీ అది కుడి చెవి.

డ్యూటీలో నా కష్టం ఎక్కడ మొదలైందంటే, మాస్కు లేనివాళ్లతో కాదు, ఉన్నవాళ్లతో. బండి ఆగుతుంది. "ఎటు పోతున్నవ్?" అంటాను. మాస్కు లోపల ఏదో కదులుతుంది. "ఆ?" అంటాను. మళ్లీ కదులుతుంది. మూడోసారి కూడా "ఆ?" అంటే బాగుండదని, "జర మాస్కు దించి చెప్పు" అనేవాణ్ని. అతను దించి, "మందులకు పోతున్న సార్" అనేవాడు. "సరే, పో" అనేవాణ్ని. ఆ మాస్కు గడ్డం కిందే వేలాడుతుండగా అతను నా కళ్ల ముందే భూపాలపల్లి దిక్కుకు వెళ్లిపోయేవాడు.

చీటీ ఉన్నవాళ్లు వస్తే మాత్రం నాకు పండుగే. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రోజు విడిచి రోజు దవాఖానకు పోతూ ఆ దారినే వచ్చేవాడు. ఆయన ఊపిరితిత్తులు బాగాలేవు. ఆయన జేబులో చీటీ ఉండేది, ఆయన నోరు మొత్తం బయట ఉండేది. పెద్ద మీసం కూడా లేదు. ప్రతి మాటా ముత్యంలా కనిపించేది. ఎడంగా కుర్చీ వేసి కూచోబెట్టి, నీళ్లిచ్చి, బాయి లోపలి సంగతులు, ఎడ్ల సంగతులు అడిగి అడిగి చెప్పించుకునేవాణ్ని. రోజు మొత్తంలో నాకు పూర్తిగా అర్థమయ్యే మనిషి ఆయనొక్కడే.

కొన్నాళ్లు చూసి కానిస్టేబుల్ ఉండబట్టలేకపోయాడు. "సార్, మాస్కు లేనోనికి కుర్సీ ఏస్తున్నరు, ఉన్నోనికి దించుమంటున్నరు. మనల్ని గీడికి ఎందుకు తోలిండ్రంటరు?"

నవ్వేసి ఊరుకున్నాను. నవ్వు ఎప్పుడూ నాకు ఉపయోగపడే జవాబు. అడిగిందేమిటో తెలియకపోయినా సరిపోతుంది. అయితే ఈసారి తెలిసింది.

ఒకరోజు పొద్దున్నే, ఇంకా ఎండ ఎక్కకముందు, ఒక మోటారు సైకిల్ వచ్చి ఆగింది. నడిపే అతను ముఖానికి దస్తీ కట్టుకున్నాడు. వెనక కూచున్న ఆమె చీర కొంగును ముక్కు దాకా చుట్టుకుంది. కళ్లు మాత్రమే బయట ఉన్నాయి.

"ఎటు?"

"మొగుళ్లపల్లి" అన్నాడతను. తెలిసిన ఊరు కాబట్టి అందింది.

"ఏం పని?"

ఆమె చెప్పింది. నాకు 'బాపు' అన్న మాట అందింది, 'పోయిండు' అన్న మాట అందింది. మిగిలింది కొంగులోనే ఉండిపోయింది.

"ఎటు పోయిండు?" అన్నాను.

ఆమె కొంగు ఇంకాస్త బిగించుకుంది. నేను ప్రభుత్వం తరఫున కాస్త గొంతు పెంచాను. "గీ టైంల ముసలోళ్లను బయటికి తోలుడేంది? ఎప్పుడొస్తనన్నడు?"

బండి నడిపే అతను వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఆమె కొంగు విప్పి ముఖం బయటపెట్టింది. కోపం లేదు. అదే నన్ను ఇప్పటికీ పీడించే సంగతి. సారు ఏదో నిబంధన ప్రకారమే అడుగుతున్నాడనుకుని, జవాబు చెప్పాలి కాబట్టి చెప్పింది.

"ఇగ రాడు సారూ. రాత్రి పానం పోయింది. మట్టికి పోతున్నం."

ఈసారి ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. కానిస్టేబుల్ పరుగున వెళ్లి తాడు దించాడు. ఆమె మళ్లీ కొంగు చుట్టుకుంది. బండి వెళ్లిపోయింది. నేను చేతులు జోడించానో లేదో నాకు గుర్తులేదు. జోడించాననే అనుకోవాలని ఉంది.

చాలాసేపటికి కానిస్టేబుల్ నా ఎదురుగా వచ్చి, మాస్కు దించి, మెల్లగా అడిగాడు. "సార్, ఏమనుకోకుండ్రి. మీకు ఇనవడదా?"

"ఇనవడుతది. గాలి ఎక్కువుంది" అన్నాను.

ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు.

ఇలాంటిది జరిగాక బుద్ధి ఉన్నవాడెవడైనా చెవులు చూపించుకుంటాడు. నాకు మాత్రం వేరే ఉపాయం తట్టింది. రోజూ డాక్టరు చీటీలు చూసీ చూసీ, నేనూ ఒక చీటీ తెచ్చుకుంటే సరిపోతుందనుకున్నాను. చీటీలో ఏం రాయించాలి, అది ఎవరికి చూపించాలి అనేది ఆలోచించలేదు. చీటీ ఉన్నవాళ్లందరి బతుకూ హాయిగా ఉన్నట్టు కనిపించిందంతే.

రేగొండలో చూపించుకుంటే పిల్లల తల్లిదండ్రులు చూస్తారు. భూపాలపల్లిలో పాత విద్యార్థులు చూస్తారు. అందుకని జనగామ. నా భార్య పుట్టిల్లు అక్కడే. దారులు తెరిచాక, అత్తగారిని చూసొద్దామని బయల్దేరదీసి, అక్కడికి వెళ్లాక అసలు సంగతి చెప్పాను. ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, చెప్పులేసుకుని వెంట వచ్చింది.

చెవుల డాక్టరు పెద్దాయన. మాస్కు పెట్టుకున్నాడు, దాని మీద ముఖమంతా కప్పే పారదర్శకపు అట్ట పెట్టుకున్నాడు, ఆయనకూ మాకూ మధ్య పైనుంచి కింది దాకా ప్లాస్టిక్ పరదా వేలాడుతోంది. చెవిటివాడు చెవుల డాక్టరు మాట వినకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చేయలేరు.

ఆయన ఏదో అడిగాడు. తల ఊపాను. ఇంకేదో అడిగాడు. తల ఊపాను. మూడోసారి కాస్త గట్టిగా ఏదో అన్నాడు. ఇంకా బాగా ఊపాను. నా భార్య నా భుజం మీద చెయ్యి వేసి తన వైపు తిప్పుకుని, మాస్కు దించింది.

"డాక్టర్ సారు ఏమన్నడో చెప్పు."

"ఎన్నేండ్ల సంది అంటున్నడు."

"కాదు. 'తల ఊపకుండ్రి, సమజైతేనే ఊపుండ్రి' అంటున్నడు."

ఆ తర్వాత నన్ను ఒక చిన్న గదిలో కూచోబెట్టి, చెవులకు డబ్బాల్లాంటివి తగిలించి, శబ్దం వినపడితే చెయ్యి ఎత్తమన్నారు. నేను చెయ్యి ఎత్తాల్సి వచ్చిన సందర్భాలు తక్కువ. బడిలో వెనక బెంచీ పిల్లవాడిలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. మర్యాద కోసం మధ్యలో ఒకటి రెండుసార్లు ఎత్తాను. అప్పుడు శబ్దమే లేదని తర్వాత తెలిసింది.

పరీక్ష అయ్యాక డాక్టరు మమ్మల్ని ఆరుబయట వసారాలోకి పిలిచాడు. తాను ఆ కొసన నిలబడి, మమ్మల్ని ఈ కొసన నిలబెట్టి, మాస్కు తీసి గట్టిగా మాట్లాడాడు.

"ఇప్పుడు చెప్పుండ్రి. ఏం కావాలె?"

"మాస్కుకు మినహాయింపు రాసియ్యాలె సార్."

"ఊపిరి ఆడతలేదా?"

"ఆడుతుంది."

"మరి మాస్కుతోని మీకేం తక్లీఫ్?"

"నేను పెట్టుకుంటే ఏం లేదు సార్. ఎదుటోళ్లు పెట్టుకుంటేనే తక్లీఫ్."

ఆయన నవ్వాడు. ముందు మెల్లగా, తర్వాత గోడ పట్టుకుని. "అయితే మాఫీ మీకు కాదు సార్, మీతోని మాట్లాడేటోళ్లకు కావాలె. ఎంతమందికి రాయమంటరు? జనగామ జిల్లా మొత్తానికి రాయనా, భూపాలపల్లికి గూడ రాయనా?"

నేను కూడా నవ్వాను. నా భార్య నవ్వలేదు. డాక్టరు నవ్వాపుకుని, చెవి వెనక పెట్టుకునే మిషన్ వాడమన్నాడు. ఇంకా ఏవేవో చెప్పాడు. రోడ్డు మీద లారీ పోతుండటంతో చాలా భాగం నాకు అందలేదు. చూద్దామన్నాను. చూద్దామంటే వద్దని అర్థం.

తిరుగుదారిలో జనగామ దాటాక నా భార్య నా భుజం తట్టింది. బండి ఆపమంది. దిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"గింత ఇనవడదా నీకు? నువ్వు నన్ను పట్టించుకుంటలేవని గిన్నేండ్లు పరేషానైన."

"అది గూడ కొంచెం ఉంది" అన్నాను, నిజాయితీగా. ఇంటికి చేరేదాకా ఆమె మళ్లీ నోరు విప్పలేదు. ఆ మౌనం మాత్రం నాకు స్పష్టంగా వినపడింది.

అయినా ఆమె మనసు మంచిది. పట్టుచీర పెట్టే పారదర్శకపు సంచిని కత్తిరించి, మాస్కుకు మూతి దగ్గర కిటికీలాగా కుట్టింది. తాను పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది. మొదటి మాట అద్భుతంగా కనిపించింది. రెండో మాటకు ఆవిరి పట్టింది. మూడో మాటకు వానలో బస్సు అద్దంలా అయిపోయింది. వేలితో లోపలి నుంచి తుడుచుకుని నాలుగో మాట చెప్పింది. ఆ నాలుగో మాట ఏమిటంటే, "మిషన్ కొనుక్కో."

కొనలేదు. తర్వాతి ఏడాది మొదట్లో తొమ్మిది, పది తరగతులకు బళ్లు తెరిచారు. గదిలో బెంచీకి ఒక్కరు, ప్రతి ముఖానికీ మాస్కు. ప్రశ్న అడిగితే ఎవరు జవాబిస్తున్నారో కూడా నాకు తెలిసేది కాదు. ఎవరి మాస్కు ఉబ్బితే వాళ్లే మాట్లాడుతున్నారని అంచనా వేసేవాణ్ని. జవాబు తప్పో ఒప్పో తెలియదు కాబట్టి అందరికీ "శభాష్" అనడం మొదలుపెట్టాను. పిల్లలు ఉత్సాహంగా చదువుతున్నారనే భ్రమలో కొన్ని రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి లేచి ఏదో చెప్పింది. "శభాష్! మళ్లీ ఒకసారి గట్టిగ చెప్పు, అందరు ఇనాలె" అన్నాను. ఆ పిల్ల కడుపు పట్టుకుని, మాస్కు కిందికి లాగి, ఏడుపు గొంతుతో అరిచింది.

"కడుపుల నొస్తుంది సార్, ఇంటికి పోత!"

గది నవ్వుతో గొల్లుమంది. ఆ వారమే వెళ్లి మిషన్ కొన్నాను.

మిషన్ పెట్టుకున్న మొదటి రోజు లోకం నా మీద దండెత్తినట్టే అయింది. ఫ్యాను ఇంత రొద చేస్తుందని తెలియదు. పోపులో ఆవాలు పేలితే ఉలిక్కిపడ్డాను. అన్నం నమిలితే ఎవరో కంకర మీద నడుస్తున్నట్టుంది. బడిలో నన్ను 'శభాష్ సార్' అంటున్నారని కూడా అప్పుడే తెలిసింది. అన్నిటికన్నా పెద్ద చిక్కు నా చెవే. చెవి వెనక ఉన్న కాస్త చోటులో కళ్లద్దాల కాడ, మాస్కు తాడు, మిషన్ మూడూ సర్దుకోవాలి. మిషన్ కనపడకుండా జుట్టు పెంచి మీదికి దువ్వేవాణ్ని. అలా ఎవరికీ తెలియకుండా, వినపడుతూ, కొన్ని వారాలు గౌరవంగా గడిపాను.

మిర్చి కల్లాల రోజులవి. మా అక్కది నర్సింహులపేట దగ్గర ఊరు. మేం పుట్టింది కూడా ఆ చుట్టుపక్కలే. ఒక ఆదివారం నేనూ నా భార్యా అక్కను చూడటానికి వెళ్లాం. కల్లంలో కోసిన మిర్చి ఎర్రగా పరిచి ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకు వాళ్లంతా ముక్కుకు గుడ్డలు కట్టుకునే ఉన్నారు. కరోనా ఉన్నా లేకపోయినా మిర్చి కల్లంలో ఎవరికీ మినహాయింపు లేదు.

నేను గట్టున నిలబడి అక్కతో మాట్లాడుతున్నాను. చెమట పట్టింది. ముఖం తుడుచుకుందామని మాస్కు లాగాను. తాడు మిషన్‌ను చుట్టుకుని, వదిలిన గుల్లేరు రబ్బరులా దాన్ని విసిరేసింది. అది గాల్లో ఎగరడం చూశాను. మిర్చిలో ఎక్కడ పడిందో చూడలేదు.

వంగి వెతకడం మొదలుపెట్టాను. ఆడవాళ్లలో ఒకామె ముక్కుగుడ్డ దించి అడిగింది. "ఏం పోయింది సారూ?"

"బటన్" అన్నాను. "అంగీది."

బటన్ కోసం మిర్చి రాశిలో మోకాళ్ల మీద పాకుతున్న పంతుల్ని వాళ్లెన్నడూ చూసి ఉండరు. పాపం, వాళ్లూ వెతికారు. కాయలు కదిలిస్తే ఘాటు లేచింది. ఒకరు తుమ్మారు, ఇంకొకరు తుమ్మారు, తర్వాత అందరం తుమ్మాం. దారిన పోతున్న ఒకతను కల్లమంతా తుమ్ముతుండటం చూసి, సైకిల్ వెనక్కి తిప్పి తొక్కుకుంటూ పోయాడు.

అంతలో ఆడవాళ్లంతా ఒక్కసారి ఆగిపోయారు. ఒకామె నోటి మీద వేలు పెట్టుకుంది. అందరూ రాశిలో ఒక మూలకు చూస్తున్నారు. అక్క చేతులు చాపి నన్ను వెనక్కి జరగమంటోంది. ఏం జరుగుతోందో నాకు బొత్తిగా తెలియలేదు. చెవిలోంచి జారిన మిషన్ మీద ఏదైనా పడి కప్పేస్తే అది కీచుమని కూస్తుంది. మిర్చి కింద అది కూస్తోంది. కల్లంలో ఉన్న ప్రతి మనిషికీ అది వినపడుతోంది, ఒక్క నాకు తప్ప.

వాళ్లు దాన్ని పురుగో పామో అనుకున్నారు. ఒకామె పొడుగాటి కట్టె తెచ్చి, రెండు చేతులా పైకెత్తింది. ఆ కట్టె ఏ మూలకు గురిపెట్టిందో చూశాక నాకు బుర్ర వెలిగింది.

"కొట్టకుండ్రి!" అని అరిచాను. "కొట్టకుండ్రి, గది నా చెవి!"

ఆ తర్వాత కల్లంలో పని చాలాసేపు సాగలేదు. కట్టె పట్టుకున్నామె నవ్వలేక మిర్చి మీదే కూచుంది. నా భార్య, జనగామ నుంచి దాచిపెట్టుకున్న నవ్వంతా అక్కడ నవ్వింది. అక్క మిషన్ వెతికి తీసి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని చెవి వెనక తగిలించుకుని, దాని గొట్టం కొసను చెవిలో పెట్టుకున్నాను.

మిర్చి కల్లంలోంచి తీసిన వస్తువును, మిర్చి ఏరే చేతులతో తుడిచాక, చెవిలో పెట్టుకోకూడదని ఏ డాక్టరూ చెప్పలేదు. ఒకవేళ చెప్పినా అది లారీ శబ్దంలో పోయి ఉంటుంది. చెవిలో నిప్పు పోసినట్టయింది. గట్టు మీద గంతులేశాను. ఎడమ చెవి చిన్నప్పుడే మంట చూసింది, కుడి చెవికి ఇదే మొదటిసారి.

అక్క నన్ను ఇంటికి తీసుకెళ్లి, మంచం మీద పడుకోబెట్టి, చెవి చుట్టూ కొబ్బరినూనె రాసింది. రాస్తూ రాస్తూ ఆగింది. చూస్తే ఆమె కళ్లలో నీళ్లున్నాయి. మిర్చి ఘాటనుకున్నాను.

"చిన్నగున్నప్పుడు నీ చెవిల పసరు పోసింది నేనే తమ్మీ" అంది. "అవ్వ పొలం కాడికి పోయింది. నువ్వు ఏడుస్తున్నవని, ఎవరో చెప్తే ఆకు పిండి పోసిన. గందుకే పోయిందేమోనని గిన్నేండ్లు నాకు బుగులే. నేను మాట్లాడితే నువ్వు నా మూతి దిక్కే చూస్తవ్. సూసినప్పుడల్లా గా పసరే యాదికొస్తది. అడుగుదామంటే భయం."

నేను ఆమెను మంచి తమ్ముడిలా శ్రద్ధగా చూస్తున్నాననే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ చూపు ఆమెను ఇంత కాల్చిందని నాకు తెలియదు.

"పసరుతోని కాదక్కా" అన్నాను. "చీముతోని లోపటి పొర పోయింది. జనగామ డాక్టర్ చెప్పిండు."

డాక్టరు ఆ మాట అన్నాడో లేదో నాకు నిజంగా తెలియదు. అని ఉండొచ్చు. ఆయన చెప్పిందాంట్లో నాకు అందనిది చాలా ఉంది. అక్క మాత్రం నమ్మింది. కొంగుతో ముఖం తుడుచుకోబోయింది. "ఆ కొంగుతోని వద్దక్కా!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం, నేనూ నా భార్యా.

మర్నాడు జుట్టు వెనక్కి దువ్వుకుని, ఎర్రగా వాచిన చెవితో, మిషన్ అందరికీ కనపడేలా బడికి వెళ్లాను. దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు. కల్లంలో అరిచిన మాట మా అక్క ఊరు దాటి ఎంత దూరం పోయిందో నాకు తెలుసు. విరామ సమయంలో లెక్కలు చెప్పే సారు నన్ను మైదానంలోకి పిలిచాడు. నాకన్నా పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. తన అన్నతో పడ్డ తగాదా గురించి ఏళ్ల తరబడి నాతో చెప్పుకున్న మనిషి.

"నీకు ఇనవడదట కదా?" అన్నాడు.

"సగం ఇనవడుతది అన్నా. ముందుగాల్ల సంది గంతే."

"అయితే నేను చెప్పిందంతా..."

"సగం ఇన్న."

ఆయన చాలా అనుమానంగా అడిగాడు. "ఏ సగం?"

నా జవాబు కోసం ఆగకుండా ఎడంగా జరిగి, మాస్కు దించి, మొత్తం కథ మొదటినుంచి చెప్పాడు. బావి దగ్గరి మోటారు, రాత్రికి రాత్రి దాన్ని విప్పుకెళ్లడం, అన్నదమ్ముల మధ్య మాటలు పోవడం. విప్పుకెళ్లింది వాళ్లన్న అని నేను ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. ఆయన మీద జాలిపడి ఎన్నిసార్లు తల ఊపానో లెక్కలేదు. పూర్తిగా విన్నాక తెలిసింది, మోటారు విప్పుకొచ్చింది ఈయనే.

"అన్నా, ఇందుల తప్పు నీదే గద" అన్నాను.

ఆయన నా వైపు, నా మిషన్ వైపు మార్చిమార్చి చూశాడు. మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. దాని వెనక ఏదో అన్నాడు, అది కూడా నాకు స్పష్టంగా వినపడింది, ఇక్కడ రాయలేను. గంట కొట్టకముందే తరగతికి వెళ్లిపోయాడు.